వదిన పొడి, డాక్టరమ్మ మందు

నీలక్క చేతులు చూసి మొదటిరోజే ఆస్పత్రిలో నర్సు హడలిపోయింది. గోళ్లు నీలం. వేళ్ల చివర్లు నీలం. మణికట్టు దాకా అదే వరస. ఒంటికి గాలి చాలకపోతే గోళ్లు అలా అవుతాయని చదువుకున్న పిల్ల పాపం, ఆమెను గబగబా మంచమెక్కించి, వేలికి క్లిప్పు తగిలించి, ఆక్సిజన్ కోసం పరుగందుకోబోయింది.

"ఆగు తల్లీ, అది రోగం కాదు, రంగు," అంది నీలక్క. "ముప్ఫై ఏళ్ల నుంచీ ఉంది. నేను పోయినా అది పోదు."

పక్క మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటున్న ముసలాయన నవ్వాడు. నర్సు నవ్వలేదు. దూదికి స్పిరిట్ అద్ది ఒక గోరు గట్టిగా రుద్ది, దూదికి కాస్త నీలం అంటుకున్నాక గానీ నమ్మలేదు.

ఆమెది రంగుల కొట్టు. కొత్త బట్టలకి కాదు, వెలిసిపోయిన వాటికి రంగు వేస్తుంది. హోటల్ వాళ్ల యూనిఫారాలు, సోఫా గలీబులు, నాటకాల హాలు తెరలు, ఎవరో మరీ ఇష్టపడి అరగదీసిన కోటు, అన్నీ అక్కడికే చేరతాయి. వీధి వైపు చెక్క కౌంటరు, దాని వెనక మొగుడి ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక రెండు సిమెంటు తొట్లు, నీళ్లు కాగే పెద్ద రాగి కాగు, పెరట్లో ఏడు తాళ్లు. గోడకి రంగు ముక్కలు అతికించిన అట్ట ఒకటుంది గానీ అది వచ్చినవాళ్ల కోసం. నీలక్కకి అక్కర్లేదు. ఎవరైనా వచ్చి బూడిద రంగు కావాలంటే, "ఏ బూడిద? కట్టెల పొయ్యి బూడిదా, సిగరెట్ బూడిదా?" అని అడిగే రకం.

కళ్లు రంగు చెప్తాయి. పని అయిందో లేదో మాత్రం వేళ్లే చెప్పాలి. రంగు పట్టడానికి తొట్టిలో సోడా వేస్తారు. దాంతో బట్ట జిగటగా, జారుడుగా తయారవుతుంది. మంచినీళ్లలో జాడిస్తూ పోతే ఆ జారుడు తగ్గి తగ్గి, ఒకచోట బట్ట వేలికి అడ్డం తగులుతుంది. అక్కడ ఆపాలి. ముందే ఆపితే ఆ బట్ట తర్వాత ఇంకో బట్టని కూడా పాడుచేస్తుంది. ఈ సంగతి ఎవరూ నేర్పేది కాదు. నీలక్కకి వేళ్లలో ఉంది.

రొమ్ములో గడ్డ తీసేశారు. తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు వారాలు మందు ఎక్కించాలన్నారు. ప్రతి మంగళవారం. మూడో మంగళవారం దాటేసరికి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. దళసరి గుడ్డ మీంచి తాకినట్టు ఉంది ప్రపంచం.

"తగ్గుతుందమ్మా. మందు అయిపోయాక చాలామందికి తగ్గుతుంది," అంది డాక్టరమ్మ.

"చాలామందిలో నేనున్నానా?"

"ఉన్నారని ఒట్టేసి చెప్పలేను."

ఆ జవాబు నీలక్కకి నచ్చింది. డాక్టరమ్మ కూడా నచ్చింది. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. చెప్పేది కొంచెం, చెప్పింది మాత్రం గట్టిగా చెప్తుంది.

వేళ్ల తిమ్మిరితో పాటు వికారం కూడా మొదలైంది. ముప్ఫై ఏళ్లు రంగు తొట్ల ఘాటు పీల్చిన ముక్కు అది. దానికి ఇప్పుడు టీ వాసన పడలేదు. డాక్టరమ్మ వాంతుల మాత్ర మార్చి, వరండా చివర, చక్రాల కుర్చీలు పెట్టే కొట్టు పక్కనున్న చిన్న గదికి కూడా పంపింది. అక్కడ వారానికి రెండు రోజులు ఒకాయన కూర్చుంటాడు. వెంట్రుకంత సన్నటి సూదులు మణికట్టు దగ్గరా, కాలి మీదా గుచ్చుతాడు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పుతాడు. అందరూ ఆయన్ని సూదుల మాస్టారంటారు. రక్తం రిపోర్టు చూడందే ఒక్క సూదీ బయటికి తీయడు.

"ఆ గదిలో సూది, ఈ గదిలో సూది. నన్నేమన్నా పరుపనుకున్నారా, కుట్టిపారేయడానికి?" అంది నీలక్క.

"పరుపు ఇంత మాట్లాడదు," అన్నాడాయన రిపోర్టు మీంచి తలెత్తకుండా.

"మీ సూదులతో ఈ జబ్బు మళ్లీ రాకుండా ఉంటుందా మాస్టారూ?"

"ఆ పని నాది కాదమ్మా, డాక్టరమ్మ మందుది. ఆ మందుని మీరు చివరిదాకా ఓర్చుకునేలా కాస్త సాయం చేయడం వరకే నాది. అందరికీ అది కూడా పనిచెయ్యదు. ఇంతకంటే ఎక్కువ చేస్తానని ఎవరైనా అంటే వాళ్ల గడప తొక్కకండి."

తన పని ఎక్కడిదాకో తెలిసినవాడు. నీలక్కకి అలాంటివాళ్లంటే గురి. ఆ గదిలోంచి వచ్చాక వికారం పూర్తిగా పోలేదు గానీ, రెండు బిస్కెట్లు తిని నిలబెట్టుకోగలిగింది. అదే గొప్ప.

అసలు గొడవ ఈ గదుల్లో రాలేదు. ఇంటికొచ్చింది, రెండు బస్సులు మారి.

నీలక్క మొగుడికి ఒక అక్క ఉంది. పిండిమర నడిపిన మనిషి. మర అమ్మేసి, భర్త పోయాక ఊరికి ఆ చివర ఒంటరిగా ఉంటోంది. ఆవిడకీ నీలక్కకీ పదకొండేళ్లుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వొస్తుంది. వాళ్లమ్మ శాలువా ఒకటి వెలిసిపోతే రంగు వేయమని ఇచ్చింది. నీలక్క నల్లరంగు వేసింది. కాఫీరంగు చెప్పానని వదిన, నలుపే చెప్పావని నీలక్క. ఎవరూ తగ్గలేదు. మొగుడు మధ్యలో నిలబడి, "రెండూ ముదురు రంగులేగా," అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఆయన మీద కూడా కోపం పెట్టుకున్నారు.

అలాంటి మనిషి మూడో వారం శనివారం పొద్దున కౌంటరు ముందు నిలబడింది. చంకలో గాజు సీసా.

"ఏం, లోపలికి రమ్మనవా?"

"రానని ఒట్టు పెట్టుకుంది నేనా వదినా, నువ్వా?"

"సరేలే. చిక్కిపోయావ్. జుట్టు మొత్తం పోయిందా?"

"లేదు, లోపల దాచుకున్నా."

వదిన లోపలికొచ్చి సీసా బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చకీ మట్టిరంగుకీ మధ్యలో మెత్తటి పొడి. మూడు వేర్లు, రెండు ఆకులు, ఒక బెరడు, తన చేత్తోనే ఎండబెట్టి, దంచి, మూడు జల్లెళ్లు పట్టింది. ఎవరో తెలిసినావిడకి ఇదే జబ్బు వస్తే ఈ పొడితో నిలబడిందట. రోజూ పరగడుపున తేనెలో చెంచాడు. సీసా మీద పెన్సిల్‌తో గీత కూడా గీసింది, వారంలో ఎంత తగ్గాలో.

"డాక్టర్లకి చెప్పకు. వాళ్లకి ఇవేమీ నచ్చవు," అంది.

పొడి చేదుగా ఉంది. నీలక్క మొహం చిట్లిస్తే వదిన గ్లాసు చేతికిచ్చి, మింగేదాకా కదల్లేదు. తర్వాత ఇద్దరూ కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక వదిన ఇస్త్రీ బల్ల మీద గుడ్డ మారిపోయిందేమని అడిగింది. నీలక్క కాలిపోయిందని చెప్పింది. వాడు ఎప్పుడూ అంతే, చిన్నప్పుడు పరుపు కాల్చాడని వదిన చెప్పింది. ఆ కథ నీలక్కకి తెలియదు. మధ్యాహ్నందాకా సాగింది. మొగుడు ఇస్త్రీ చేస్తూ అంతా విన్నాడు. చొక్కా కాలర్ మీద నుంచి తలెత్తితే ఒట్టు.

అప్పటి నుంచి ప్రతి శనివారం అంతే. వదిన వస్తుంది, గీత చూస్తుంది, సీసా నింపుతుంది, కూర్చుంటుంది. వారంలో నీలక్క ఎదురుచూసే రోజు అదొక్కటే అయింది. చేదు పొడికి ఆ లెక్కన రేటు తక్కువే అనుకుంది.

మందు ఎక్కించేముందు నర్సు ప్రతిసారీ ఒక కాగితం పట్టుకుని అడుగుతుంది. జ్వరమొచ్చిందా, నోట్లో పుండ్లా, ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా, పొడులు, కషాయాలు, పసర్లు. మొదట్లో లేదంది, అది నిజం. తర్వాత కూడా లేదంది. అది అబద్ధం. ఇందులో దాచేదేమీ లేదు.

అబద్ధమే గానీ ఆమెకో లెక్కుంది. కొట్టులో పొద్దున ఒక రంగు వేస్తారు, తొట్టి కడుగుతారు, మధ్యాహ్నం ఇంకో రంగు వేస్తారు. కడిగాక దేని దారి దానిది. కడుపు మాత్రం తొట్టి కాదా? పొద్దున ఆరింటికి పొడి. మీద రెండు పెద్ద గ్లాసుల నీళ్లు. మందు ఎక్కేది పన్నెండింటికి. ఆరు గంటలు. ఆ రెండూ ఎదురుపడేదెక్కడ? ముప్ఫై ఏళ్ల అనుభవం మీద కట్టిన లెక్క అది. వేరే పని చేసే మనిషికి తట్టేది కూడా కాదు.

ఐదో వారం రక్తపరీక్షలో లివర్ లెక్క కాస్త పెరిగింది. ఆరో వారం బాగా పెరిగింది. ఆ మంగళవారం మందు ఎక్కించకుండా ఇంటికి పంపేశారు. మరుసటి మంగళవారం ఇంకా పైకెళ్లింది.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది.

"మన మందు వల్లే అనుకుంటున్నా. వచ్చే మంగళవారం కూడా ఇలాగే ఉంటే మోతాదు తగ్గించి మిగతావి ఇద్దాం. మరీ అవసరమైతే మధ్యలోనే ఆపేద్దాం."

"తగ్గిస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు. కానీ పూర్తి మోతాదులో పన్నెండూ అయితేనే నాకు ధైర్యం. ఐదు అయ్యాయి. ఏడున్నాయి." కాగితాలు మడిచి, "ఇంట్లో ఇంకేమీ వాడట్లేదు కదా?" అంది.

నీలక్క నోరు తెరిచింది. జల్లెడ పట్టుకుని ఒంటరిగా కూర్చున్న వదిన కళ్లముందు కనబడింది. "లేదండీ," అంది.

డాక్టరమ్మ నమ్మింది. అదే గుచ్చుకుంది. అనుమానంగా చూసి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

గురువారం హోటల్ నుంచి యాభై చేతిగుడ్డలు వచ్చాయి, లేత క్రీమ్ రంగు వేయాలి. మామూలుగా ముదురుకి ఒక తొట్టి, లేతకి ఒక తొట్టి. కానీ ఒంట్లో ఓపిక లేక నీలక్క రెండు నెలల కిందటే ఒక తొట్టి మూసేసింది. బుధవారం అదే తొట్టిలో నాటకాల హాలు తెర వేశారు, రక్తం గడ్డకట్టినంత ఎరుపు. తొట్టి కడిగింది మొగుడు. మూడుసార్లు కడిగాడు. వేడినీళ్లతో ఒకసారి, సబ్బుతో ఒకసారి, ఊరికే ఒకసారి. నీళ్లు తేటగా వస్తున్నాయని చూపించాడు. నీలక్క వేలు పెట్టి చూసింది. వేలికేమీ తెలియలేదు. సరే అంది.

గుడ్డలు తీసి తాడు మీద వేశాక ఎండలో తెలిసింది. క్రీమ్ కాదు. సిగ్గుపడ్డ బుగ్గలా లేత గులాబీ. యాభైకి యాభై.

"కడిగానే," అన్నాడు మొగుడు. "నీ కళ్లముందేగా కడిగాను. మూడుసార్లు."

"మీరు కడిగారు. సిమెంటు వదల్లేదు. దానికి చిల్లులుంటాయి కంటికి కనబడనివి, వాటిల్లో దాచుకుంటుంది. అందుకే కదా రెండు తొట్లు పెట్టుకున్నాం." అంటూ ఆగిపోయింది.

"ఏంటి?"

నీలక్క గుడ్డ పట్టుకుని తాడు కింద నిలబడిపోయింది. ఉత్త సిమెంటే నిన్నటిది దాచుకుంటే, మాంసం మాటేంటి. రెండు గ్లాసుల నీళ్లట. ఎంత తెలివి.

"ఏవండీ, మీ అక్క పొడి సంగతి డాక్టరమ్మకి చెప్పాలి," అంది, ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరికి తిరిగెళ్లాక.

మొగుడు ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టాడు. అంతటి సందర్భం అన్నమాట. "చెప్పలేదా ఇంతవరకూ?"

"చెప్పొద్దంది మీ అక్క."

"అక్క చాలా వద్దంటుంది. నన్ను పెళ్లి కూడా వద్దంది."

"ఇప్పుడా చెప్పేది? అయితే మీరే చెప్పండి ఆవిడకి, మానేస్తున్నానని."

"నేనా," అన్నాడాయన. ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుని, "మీ ఇద్దరి మధ్య ఒకసారి నోరు విప్పాను. పదకొండేళ్లు పట్టింది," అన్నాడు.

శుక్ర, శని రెండు పొద్దులూ నీలక్క పొడి ముట్టుకోలేదు. శనివారం వదిన వచ్చి, అలవాటుగా సీసా ఎత్తి గీత చూసింది. ఆవిడ జీవితమంతా గింజా పొల్లూ చూసి బతికింది, రెండు చెంచాల తేడా కనబడకుండా ఉంటుందా.

"తినలేదేం?"

"డాక్టరమ్మకి చూపించి, తినొచ్చంటే తింటా వదినా. రక్తం బాగోలేదు. మందు తగ్గిస్తానంటున్నారు."

"రక్తం బాగోనప్పుడేగా ఇది తినాల్సింది."

"దీనివల్లే బాగోలేదేమో."

అనకూడని మాటలన్నీ అరిచే చెప్పక్కర్లేదు. నీలక్క నెమ్మదిగానే అంది. వదిన మొహం అట్టముక్కలా అయిపోయింది.

"అంటే నేను విషం పెట్టానంటావ్."

"అలా అనలేదు."

"ఇంకెలా అంటారు? నా కాళ్లు వాచిపోయేలా రెండు బస్సులెక్కి, వేళ్లు బొబ్బలెక్కేలా దంచి. నీకు చేసినట్టు నేను నా కడుపున పుట్టినవాళ్లుంటే వాళ్లకి కూడా చెయ్యను. తమ్ముడూ, విన్నావా మీ ఆవిడ మాట?"

తమ్ముడు వినలేదు. వినకపోవడంలో ఆయనకి మంచి అనుభవం ఉంది.

వదిన సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. టీ తాగలేదు. కౌంటరు తలుపు మాత్రం మెల్లగా వేసింది. విసురుగా వేసి ఉంటే బాగుండేదనిపించింది నీలక్కకి.

మంగళవారం డాక్టరమ్మ గదిలో కూర్చోగానే, కాగితాలు తెరవకముందే చెప్పేసింది. "నేను మీకు అబద్ధం చెప్పాను. నెలరోజులుగా ఒక పొడి తింటున్నా. శుక్రవారం నుంచి మానేశాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నీలక్క తిట్లకి సిద్ధంగా తల వంచుకుంది. తిట్లు రాలేదు.

"ఎంత తినేవారు? ఎప్పుడెప్పుడు?"

చెప్పింది. ఆరు గంటల లెక్క కూడా చెప్పింది, సిగ్గుపడుతూ. డాక్టరమ్మ నవ్వలేదు.

"కడుపులో ఎదురుపడవు, నిజమే. కానీ రెండూ చివరికి లివర్ దగ్గరికే వెళ్తాయి. అక్కడ గంటల్లో పోవు. రోజుల తరబడి కూడా ఉండొచ్చు." పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఇదే కారణమని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. కానీ మీరు చెప్పకపోయుంటే నేను మందు తగ్గించేసేదాన్ని, ఇవాళే. ఇప్పుడు తగ్గించను. రెండు వారాలు ఆగి చూద్దాం. ఆ పొడిలో ఏమేం ఉన్నాయి?" అంది.

"మూడు వేర్లు, రెండు ఆకులు, ఒక బెరడు."

"ఏ వేర్లు?"

నీలక్కకి తెలియదు. నెలరోజులు మింగింది, అడగలేదు.

"చేసినావిడని అడిగి రాసుకురండి. లేదా ఆవిణ్ణే తీసుకురండి. ఇంకోటి. ఆవిణ్ణి ఏమీ అనకండి. ఇలాంటివి ప్రేమతోనే ఇస్తారు, చెడగొట్టాలని ఎవరూ ఇవ్వరు."

"అనాల్సింది అనేశానండీ," అంది నీలక్క.

బుధవారం రెండు బస్సులు మారి వెళ్లింది. రెండో బస్సులో ఎవరూ సీటివ్వలేదు, తలకి కట్టుకున్న గుడ్డ చూసి కూడా. వదిన ఇల్లు రెండు గదులు. ముందు గదిలో మర అమ్మేసినా మిగిలిన జల్లెళ్లు గోడకి వరసగా వేలాడుతున్నాయి, పెద్దదాని పక్కన చిన్నది. నేల మీద పేపరు పరిచి ఏవో ఆకులు ఆరబెట్టి ఉన్నాయి.

వదిన తలుపు తీసి, పక్కకి తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నీలక్క కుర్చీ చూసుకుని కూలబడింది. ఊపిరి అందాక మాట్లాడింది.

"డాక్టరమ్మ నిన్ను తీసుకురమ్మంది."

"దేనికి? పోలీసులకి పట్టించడానికా?"

"ఏమేం వేశావో చెప్పడానికి. నాకు తెలియదన్నాను. తెలియకుండా ఎలా తిన్నావని అడుగుతుందనుకున్నా, అడగలేదు."

"నువ్వెందుకు తిన్నావ్ మరి తెలియకుండా?"

"నువ్విచ్చావని."

వదిన వంగి నేల మీద ఆకులు ఒకటొకటిగా తిరగేసింది, తిరగేసినవే మళ్లీ తిరగేసింది. చివరికి, వీపు అలాగే ఉంచి, "ఒక సంగతి చెప్తా. తమ్ముడికి చెప్పకు," అంది.

"చెప్పు."

"మందు ఆపేశారని విన్నానే, ఆరో వారం. అప్పుడు ఆ బెరడు రెట్టింపు వేశా. రక్తం తగ్గింది కదా, గట్టిగా ఉండాలని." ఇంకో ఆకు తిరగేసింది. "చెంచా అదే చెంచా. లోపల మాత్రం రెట్టింపు. నీకు చెప్పలేదు."

నీలక్క లెక్క వేసుకుంది. లివర్ పెరిగింది, అందుకని బెరడు పెరిగింది, అందుకని లివర్ ఇంకా పెరిగింది. ఇద్దరూ ఎవరికి వాళ్లు దాచారు. తను డాక్టరమ్మ దగ్గర, ఈవిడ తన దగ్గర. కోపం రావాలి. బస్సులో నిలబడి నిలబడి కోపానికి కూడా ఓపిక మిగల్లేదు.

"మంగళవారం వస్తావా?"

"ఏం మొహం పెట్టుకుని వస్తాను?"

"ఉన్నదే. ఇంకోటి ఎక్కడ తెస్తావ్."

వదిన వచ్చింది. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు గుండెలకి అదుముకుని, పరీక్షకొచ్చిన పిల్లలా. ఆస్పత్రి మందుల గదిలో ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క వేరు పేరూ అడిగింది. వదిన ఒక్కొక్కటే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది, పేరు చెప్పి, ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఎన్ని రోజులు ఎండాలో కూడా చెప్పింది. ఆ అమ్మాయి వేళ్లు ఆగకుండా కొడుతున్నాయి. బెరడు దగ్గరికొచ్చేసరికి ఆగాయి.

"ఇది లివర్‌కి మంచిది కాదమ్మా. ఉత్తప్పుడే పడదు, ఈ మందుతో అసలు పడదు."

"రెట్టింపు వేశాను," అంది వదిన. ఎవరూ అడగకుండానే. "రాసుకో అమ్మాయ్. రెట్టింపు. ఆరు రోజులు."

ఆ అమ్మాయి రాసుకుంది. నీలక్క పక్కకి చూసింది. పదకొండేళ్లు ఒక రంగు పేరు దగ్గర మెట్టు దిగని మనిషి, ముక్కూ మొహం తెలియని పిల్ల ముందు ఎంత సులువుగా దిగింది.

ఆ రోజు రక్తపరీక్షలో లెక్క కొంచెం దిగింది. పై వారం బాగా దిగింది. "పొడి ఆపినందుకా, మందు ఆపినందుకా అంటే రెండూ పది రోజుల తేడాలో ఆగాయి కాబట్టి విడదీసి చెప్పలేను," అంది డాక్టరమ్మ. "అందుకే ఇవాళ పూర్తి మోతాదు ఇచ్చి, ప్రతివారం చూసుకుంటూ వెళ్దాం. పెరిగితే మన మందుదే తప్పు. అప్పుడు చూద్దాం. సూదుల మాస్టారి దగ్గరికి మాత్రం మానకండి."

ఆరో మోతాదు. అనుకున్న రోజుకి నాలుగు వారాలు ఆలస్యంగా. నర్సు సంచి తగిలించి, గొట్టం వేలితో తట్టి, చుక్కలు లెక్కపెట్టుకుని వెళ్లింది. వదిన పక్కన స్టూలు మీద కూర్చుంది, హ్యాండ్‌బ్యాగు మోకాళ్ల మీద నిలబెట్టుకుని.

"ఎంతసేపు?"

"గంట పైనే."

"ఊఁ." హ్యాండ్‌బ్యాగు సర్దుకుని, "ఇంక శనివారాలు నేను రావాల్సిన పని లేదు కదా," అంది.

"పొడి కోసమే వచ్చావా ఇన్నాళ్లూ?"

"మరి దేనికొస్తాననుకున్నావ్. పని లేకుండా ఒకరింటికి వెళ్లే అలవాటు నాకెప్పుడూ లేదు."

"అయితే మానెయ్," అంది నీలక్క.

వదిన చుక్కల వైపు చూస్తూ కూర్చుంది. నీలక్క కళ్లు మూసుకుని, మాస్టారు చెప్పినట్టు ఊపిరి నెమ్మదిగా వదలడానికి ప్రయత్నించింది. కుదర్లేదు. చెవి స్టూలు వైపే ఉంది.

"శనివారం ఆ రెండో బస్సు ఖాళీగా ఉంటుంది," అంది వదిన చాలాసేపటికి. "కిటికీ పక్కన సీటు దొరుకుతుంది."

"దొరుకుతుందా."

"దొరుకుతుంది. అందుకని వస్తాలే."

"పదకొండింటికల్లా వచ్చెయ్. టీ పెడతా."

"నీ టీ నేను తాగను. నేనే పెడతా."

నర్సు వచ్చి సంచి చూసి, ఇంకా సగముందని చెప్పి వెళ్లింది. వదిన హ్యాండ్‌బ్యాగు మోకాళ్ల మీంచి తీసి, మంచం కింద పెట్టింది.